తల్లిగోడకు చెప్పిన మాట

సోమవారం. ముసురు. గోడలు చెమ్మగా ఉన్నాయి.

ప్రార్థన చేసుకుని వచ్చి తలుపులు తీశాను. రాత్రి మేస్త్రీలు ఉత్తరపు హాల్లో ఒక కిటికీ అంచును కిందికి దించాయి. "కూచుంటే ఆకాశం తప్ప చెట్లు కనబడవు" అని పోయిన వారం ఒక కుర్రాడు అన్నాడు. ఇవాళ వాడు వచ్చి కూచున్నాడు. చెట్లు కనబడుతున్నాయి. వాడు చూడలేదు. పుస్తకంలో తల పెట్టేశాడు. సరే, అందుకేగా కట్టింది.

మేస్త్రీలంటే చెదలు. మా నాన్న పాటల పుస్తకాన్ని అట్టతో సహా తినేసిన జాతే. ఇప్పుడవి పుస్తకం ముట్టవు. తడి మన్నూ, నానబెట్టిన చిత్తుకాగితం తిని గోడలు కడతాయి, విప్పుతాయి, మళ్ళీ కడతాయి. సముద్రం లోపలికొచ్చి డెల్టా ఊళ్ళన్నీ ఈ మెట్టకి ఎక్కినప్పుడు ఇటుకా సిమెంటూ ఎవరికీ చాల్లేదు. విశ్వవిద్యాలయానికి చెదలు మిగిలాయి. లైబ్రరీ మొత్తం వాటి చేతి పనే.

తొట్టిలో కాగితం నానబెట్టాను. గోడలకు నీళ్ళు చల్లాను. ఏ దిండు అణిగింది, ఏ బల్ల దగ్గర నేల అరిగింది, ఎవరు ఎక్కడ కూచోకుండా లేచిపోయారు, చూసుకున్నాను. ఈ నెల పాఠకులను అడగవలసిన ప్రశ్న ఒకటే. చదువుకు ఏది అడ్డం వస్తోంది?

పక్కవాడి గురక అన్నారొకరు. క్యాంటీన్ నూకాలమ్మ వేపే చేపల వాసన అన్నారు ఇంకొకరు. చివర మా చెల్లి లిడియా వంతు.

మా అమ్మ పోయేనాటికి లిడియా పాలు మానలేదు. తమ్ముళ్ళిద్దరూ ఎవరి దారిన వాళ్ళు ఎగువకి పోయారు. దీన్ని నేనే పెంచాను. ఇప్పుడు ఇక్కడే పరిశోధన చేస్తోంది. ఈ సీజనులో పరిశోధన పుస్తకం రాసి అప్పజెప్పకపోతే దాని గూడు ఇంకొకరికి ఇచ్చేస్తారు. గూడంటే గోడలో తొలిచిన చదువుకునే గది. ఒక మనిషి పడతాడు.

"పేరు?" అన్నాను.

"నా పేరు నీకు తెలీదా పెద్దక్కా? నువ్వే పెట్టావు."

"అడగాలి."

"లిడియా. మునిగిపోయిన లంకల్లో పండిన వరి రకాల మీద పరిశోధన. వయసు రాయకు."

"చదువుకు ఏది అడ్డం వస్తోంది?"

"నువ్వే!" అని విరగబడి నవ్వింది. "మా పెద్దక్క పిలుపు. అన్నానికి రావే, ప్రార్థనకు రావే, చీకటి పడింది రావే. ఆ గొంతు నా చెవిన పడకుండా ఉంటే ఈపాటికి పుస్తకం అయిపోయేది."

"ఇదే రాయనా?"

"రాయి. అబద్ధం రాయని మనిషివి కదా."

రాశాను.

సాయంత్రం తల్లిగోడ ముందు కూచున్నాను. కింది అంతస్తులో ఉంటుందది. ఎప్పుడూ గోరువెచ్చగా, తాకితే ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. దానికి చెప్పిన మాట మేస్త్రీలందరికీ చేరుతుంది. అక్కడ పాఠకుల మాటలు పైకి చదవడం నా పని. ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు. నవ్వుతూ అన్నారా, విసుక్కుంటూ అన్నారా అన్నది చెప్పకూడదు. పూర్వం ఒకాయన తన అభిప్రాయం కూడా కలిపి చదివితే మేస్త్రీలు పడమటి హాల్లో ఎక్కడికీ పోని మెట్లు కట్టాయి. ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు వాటి మీద కూచుని టిఫిన్ తింటారు.

గురక చదివాను. చేపల వాసన చదివాను. లిడియా మాటలు ఉన్నవున్నట్టు చదివాను.

బుధవారం. ఎండ. గోడలు పొడిగా ఉన్నాయి.

గురక పెట్టే అబ్బాయి గూడు రెండోవైపుకి తిరిగింది. క్యాంటీన్ వైపు కిటికీ మూసుకుంది. నూకాలమ్మ వచ్చి పోట్లాడింది.

"ఏటండీ దీనమ్మగారూ, నా చేపలు మీ చెదలకి చేదయ్యాయా? కిటికీలోంచి చూసే కదా పిల్లలు దిగొచ్చేది!"

"పాఠకుల మాట నూకాలూ. నాది కాదు."

"తినేటప్పుడు ఎముక కూడా వదలరు. అడిగితే మాత్రం వాసనంటారు."

మధ్యాహ్నం రోజూలాగే హాలు గుమ్మంలో నిలబడి లిడియాను అన్నానికి పిలిచాను. మామూలుగా నేను పిలిస్తే "వస్తున్నా" అంటుంది, రాదు. రెండోసారి "వస్తున్నానంటే" అంటుంది. మూడోసారి నేను పోయి చెయ్యి పట్టుకుని లేపుకొస్తాను. ఇది దాని చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

ఇవాళ జవాబు లేదు.

దాని గూటికి పోయే దారి నిన్నటిదాకా తిన్నగా ఉండేది. ఇప్పుడు నత్తగుల్లలా తిరిగి ఉంది. నడిచి వెళ్ళాను. దాని వెనకే నిలబడి పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచింది.

"ఎప్పుడొచ్చావు?"

నేను చెప్పింది వినబడలేదు దానికి. నా పెదాల వైపు చూసి నవ్వింది. "ఏంటి, మూగసైగలు చేస్తున్నావు? భలేగా ఉంది పెద్దక్కా ఇవాళ. చెవులు కడిగేసినట్టుంది."

చెయ్యి పట్టుకుని లేపాను. వచ్చింది. బయట మెట్ల దగ్గరికి వచ్చాక నా మాట వినబడింది.

తిరిగి వెళ్ళి ఆ గోడను చూశాను. నా నోటి ఎత్తులో, నువ్వుగింజంత రంధ్రాలు. దారి పొడుగునా ఉన్నాయి. కింద లేవు, పైన లేవు. నా నోటి ఎత్తులోనే.

శుక్రవారం. మబ్బు.

అనుమానం తీర్చుకుందామని నూకాలమ్మను తోడు తీసుకుని ఆ దారిలోకి వెళ్ళాను. పక్కన నిలబెట్టుకుని మాట్లాడాను.

"నోరు ఆడుతోందండి, మాట రావట్లేదు," అంది. తన మాట నాకు స్పష్టంగానే వినబడింది. "మళ్ళీ అనండి. ఊహూ. ఏమీ లేదు. ఇట్టాంటి గోడ మా ఇంట్లో కడితే మా ఆయన పూలదండ వేసి పూజ చేస్తాడు."

అప్పటిదాకా నవ్వింది. తర్వాత గోడ వంక చూసి నవ్వు ఆపేసింది. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"మీ ఒక్కరి గొంతే మింగుతోందండి," అంది చిన్నగా. "నాది వదిలేస్తోంది."

నూకాలమ్మ లోపలికి కేక వేసింది. "లిడియమ్మా, అన్నం చల్లారిపోతోందంట!" లోపలినుంచి లిడియా, "ఈ పేజీ అవనీ నూకాలక్కా," అంది.

లిడియా రాత్రి ఇంటికి వచ్చింది గాని ఆలస్యంగా వచ్చింది. ఇంట్లో నా మాట వింటోంది. ఎటొచ్చీ రెండోసారి పిలిస్తే గాని తల తిప్పట్లేదు. ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూచుంది. నేను ఆమెన్ అన్నా లేవలేదు. భుజం తట్టవలసి వచ్చింది.

మంగళవారం. వాన.

ఆదివారం నుంచి లిడియా ఇంటికి రాలేదు. మేస్త్రీలు దాని కుర్చీని వెనక్కి వాలేలా పొడిగించాయి. అక్కడే పడుకుంటోంది. గూటి నోరు సన్నబడింది. దానిది చిన్న ఒళ్ళు, అది పడుతుంది. నేను పట్టను.

లైబ్రేరియన్ వలీ గారి దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషి. విని కుర్చీలోంచి లేచారు.

"ఆ మాట వెనక్కి తీసుకుందాం దీనమ్మగారూ."

"పాఠకురాలి మాట పాఠకురాలే మార్చాలి సార్. మీరే చెప్పారు."

"మీరడిగితే వినబడదు. నేను అడుగుతాను."

ఆయన వెళ్ళి గూటి నోటి దగ్గర వంగారు. నేను ఆయన పక్కనే నిలబడ్డాను. సందులోంచి లిడియా ముఖం సగం కనబడుతోంది.

"అమ్మా లిడియా, చదువుకు ఏదైనా అడ్డం వస్తోందా?"

"ఏమీ లేదండి. ఇంత బాగా ఎప్పుడూ సాగలేదు."

"మీ అక్కగారు బెంగ పెట్టుకున్నారు. ఇక్కడే నిలబడ్డారు."

లిడియా సందులోంచి చూసింది. వలీ గారిని చూసింది. నన్నూ చూసింది. నా మీద దాని చూపు గోడ మీద ఆగినట్టు ఆగి, దాటిపోయింది.

"పెద్దక్కా? ఈమధ్య రావట్లేదండి," అంది. "పని ఎక్కువైందేమో. పాపం, ఒక్కతే చేసుకుంటుంది."

నేను దాని పేరు పిలిచాను. రంధ్రాలు నా మాటను తాగాయి. పెదాల దగ్గర చల్లటి గాలి తగిలింది. లోపలికి పీల్చుకునే గాలి.

వలీ గారు ఇంకోసారి అడిగారు. బయటికి రావడానికి ఏదో ఒక కారణం దాని నోటితో చెప్పిద్దామని ఆయన ఆశ.

"బాగా ఆలోచించి చెప్పమ్మా. ఏదీ లేదా?"

"ఆకలేస్తే లేవాలి కదండీ. అదొక్కటే."

ఆయన ముఖం వెలిగింది. ఆకలి అడ్డమంటే క్యాంటీన్‌కి దగ్గరి దారి వేస్తాయి మేస్త్రీలు, గూడు తెరుచుకుంటుంది అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. సాయంత్రం ఆ మాట తల్లిగోడకు చదివాను.

గురువారం. వాన ఆగలేదు.

దారి వెయ్యలేదు.

గూటి లోపలి గోడకు తెల్లటి పుట్టగొడుగులు మొలిచాయి, పిల్లల వేళ్ళంతేసి. లిడియా రాస్తూ రాస్తూనే ఎడమచేత్తో ఒకటి తుంచి నోట్లో వేసుకుంటోంది. పై నుంచి ఒక సన్నటి ధార దాని చేతికందేలా కారుతోంది. ఆ నీళ్ళే తాగుతోంది.

లేవాల్సిన పని లేదు కాబట్టి లేవడం లేదు. ఎవరూ నడవని దారిని మేస్త్రీలు మూసేస్తాయి. ఉత్తరపు హాల్లో వాడని తలుపులు రెండు అలాగే పోయాయి, ఎవరికీ బాధ కలగలేదు. ఇప్పుడు గూటి నోరు పలక అంత అయింది. మధ్యాహ్నానికి పుస్తకం అంత.

"గునపం తెప్పించండి సార్," అన్నాను బయట మెట్ల దగ్గర.

"హాలు ఖాళీ చేయించడం ఒక్క మాట పని," అన్నారు వలీ గారు. "కానీ కప్పు మొత్తం ఆ గోడ మీదే ఆనుకుంది. పగలగొడితే లోపలి మనిషి మీదే కూలుతుంది." ఆయన లోపలి వైపు చూశారు. "ఇంజనీర్లకి కబురు పెట్టాను. వాగు పొంగింది, రెండు రోజులంటున్నారు."

రెండు రోజుల్లో సందు ఉండదు.

నూకాలమ్మ సందు దగ్గర కూచుని కేకలు వేసింది, బతిమాలింది, తిట్టింది. "ఒసే అమ్మాయ్, నిన్ను గోడలో పెట్టి పూడ్చేస్తున్నారే, లేవే!" లిడియా వింది. విన్నదంతా మర్యాదగా విని, "ఒక్క అధ్యాయమే నూకాలక్కా. అయిపోగానే వస్తా," అంది. ఆ గొంతులో భయం లేదు. నిద్ర కూడా లేదు. ఏమీ లేదు.

నూకాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. "మీరింత నిమ్మళంగా ఎట్టా ఉన్నారండి?"

నిమ్మళంగా లేను. నా కేక వినబడే చోటు అక్కడ లేదు.

కాసేపు పోయి మోకాళ్ళ మీద కూచున్నాను. ఏం అడిగానో ఇక్కడ రాయను. అది లైబ్రరీ పని కాదు.

లేచి వచ్చి, నాకు తెలిసిన పనే చేశాను. సందు దగ్గర బల్ల వేసుకుని కూచున్నాను. ఏమీ అడగలేదు. చూశాను. కొత్త గది కట్టినప్పుడు మొదటి రోజుల్లో అలాగే చూస్తాం. ఎవరు ఎటు తిరుగుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు అని. ప్రశ్నలు మొదలయ్యాక ఆ అలవాటు తగ్గించేశాం. అడిగితే అందరూ చెప్పేస్తారు కదా అని.

అన్నం వేళ అయింది. క్యాంటీన్ గంట ఆ గోడల్లోకి రాదు. నేను పిలవలేదు.

లిడియా కలం కింద పెట్టింది. తల ఎత్తింది. గుమ్మం ఉండే వైపు తిరిగింది. అక్కడ ఇప్పుడు గుమ్మం లేదు. కాస్త తల వంచి, చెవి ఒగ్గి ఉండిపోయింది. పెదాలు కదిలాయి. సందుకు చెవి ఆనించాను.

"వస్తున్నా," అంది.

ఎవరూ పిలవలేదు.

మళ్ళీ కలం తీసుకుంది. కొంతసేపటికి మళ్ళీ తల ఎత్తింది. "వస్తున్నానంటే," అంది. ఆ తర్వాత తన కుడిచెయ్యి బల్ల మీద చాచి పెట్టింది, మణికట్టు పైకి తిప్పి. కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి. చెయ్యి అలాగే చాలాసేపు ఉంది. చివరికి దాన్ని తనే వెనక్కి తీసుకుంది. తనేం చేసిందో తనకు తెలిసినట్టు లేదు.

వలీ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఇవాళ తల్లిగోడకు లిడియా మాట చదవను సార్. తను చేసింది చదువుతాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "మనం మాట మాత్రమే చదవాలి. చేసినదాన్ని చెప్పడం మొదలుపెడితే అందులో చూసేవాళ్ళ మనసు చేరుతుంది. ఆ మెట్లు అలాగే వచ్చాయి."

"నా మనసు చేర్చను. ఏం చేసిందో అంతే. ఎందుకు చేసిందో చెప్పను."

"మీరు అక్కగారు."

"అందుకే మీరు పక్కన ఉండండి సార్. ఒక్క మాట ఎక్కువైతే ఆపండి."

తల్లిగోడ ముందు ఇద్దరం కూచున్నాం. చదివాను. కలం కింద పెట్టింది. తల ఎత్తింది. గుమ్మం వైపు తిరిగింది. ఎవరూ పిలవకుండానే వస్తున్నా అంది. చెయ్యి చాచి పెట్టింది. ఎవరూ రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

వలీ గారు ఆపలేదు. గోడ వెచ్చదనం మాత్రం ఒక్కసారిగా ఎక్కువైంది, జ్వరం వచ్చిన నుదురులా.

"మెట్లు కడితే కట్టనీండి," అన్నారాయన లేస్తూ.

శుక్రవారం. వాన వెలిసింది.

తెల్లవారగానే వెళ్ళాను. సందు పోలేదు. పెద్దదీ కాలేదు. నా పిడికిలి పడుతుంది. నిన్నటి నా మాట వల్ల మారినదేమిటో మొదట తెలియలేదు. గోడంతా వెతికాను. రంధ్రాలు ఉన్నాయి, అయితే అవి ఇప్పుడు లోపలివైపు తెరుచుకుని ఉన్నాయి.

అన్నం వేళ నేను నోరు తెరవకముందే గోడ పిలిచింది.

"లిడియా. అన్నానికి రావే."

నా గొంతు. "రావే" దగ్గర నేను కొంచెం సాగదీస్తానని లిడియా వెక్కిరిస్తుంది. అలాగే సాగింది. వలీ గారు నా పక్కనే ఉన్నారు. ఆయన నా నోటి వంక చూశారు. చేతిలోని చెంబు కింద పడేశారు.

లోపల లిడియా ముఖం విప్పారింది. ఇన్ని రోజుల తర్వాత ఆ ముఖంలో మనిషి కనబడింది. "వస్తున్నా పెద్దక్కా!" అంది.

లేవలేదు.

"లిడియా. అన్నానికి రావే," అంది గోడ మళ్ళీ. అంతే మెత్తగా, అంతే సాగదీసి.

"వస్తున్నానంటే."

మూడోసారి పిలిచింది. లిడియా పుస్తకం మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచింది. గోడ నాలుగోసారి పిలిచింది. ఐదోసారి పిలిచింది. దానికి గొంతు మాత్రమే ఉంది. లిడియా చెయ్యి బల్ల మీద అలాగే ఉంది. ఇంక వెనక్కి పోబోతోంది.

సందులోకి నా చెయ్యి దూర్చాను. మోచెయ్యి దాకా గీరుకుపోయింది. భుజం ఆనేదాకా తోశాను. వేళ్ళకు దాని మణికట్టు తగిలింది. పట్టుకున్నాను.

లిడియా నా చేతిని చూసింది. గాజు చూసింది. తిరిగి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దక్కా," అంది. "నీ చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?"

అప్పుడు మేస్త్రీలు వచ్చాయి. పట్టపగలు వాటినెవరూ చూసి ఉండరు. సందు అంచుల నుంచి తెల్లగా, తడిగా, వందలుగా దిగి నా చేతి మీదికి పాకాయి. నోళ్ళలో మన్ను. కొన్ని నా చర్మం మీద మన్ను ఆనించి అద్దాయి. అద్ది, ఆగాయి. మీసాలతో తడిమాయి. చెయ్యి దారో, గోడో వాటికి తెలియలేదు.

"తీసెయ్యండి దీనమ్మగారూ, కట్టేస్తాయి!" అన్నారు వలీ గారు.

తియ్యలేదు. నా మాట లోపలికి పోదు. అందుకని చెయ్యి బిగించి లాగాను, రోజూ లాగినట్టే. లిడియా లేచిన శబ్దం అయింది. కుర్చీ కిర్రుమంది. తను ఒక అడుగు నా వైపు వేసింది.

ఆ అడుగు పడ్డాక మేస్త్రీలు నా చేతి మీద అద్దిన మన్ను తిరిగి నోట కరుచుకున్నాయి. తర్వాత అంచు నుంచి ఒక్కొక్క రేణువు తీసుకుపోవడం మొదలుపెట్టాయి. అప్పుడర్థమైంది. మనిషి కదిలే చోటును అవి విప్పుతున్నాయి. లిడియా సందుకు దగ్గరగా వచ్చి నిలబడింది. నేను లాగుతూ ఉన్నాను, తను ఒరుగుతూ ఉంది. వలీ గారు బిందెలతో నీళ్ళు తెచ్చి మన్ను మెత్తబడేలా అంచులకు పోశారు. నూకాలమ్మ మజ్జిగ తెచ్చి గ్లాసు నా నోటికి ఆనించింది, సందులోంచి లిడియాకూ గరిటెతో పోసింది. గోడ మధ్య మధ్య నా గొంతుతో పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు వచ్చినప్పుడల్లా లిడియా తల లోపలికి తిరిగేది. నేను లాగేదాన్ని. ఇటు తిరిగేది.

పొద్దు వాలేసరికి భుజం పట్టేంత అయింది. తల ముందు, తర్వాత ఒక భుజం, తర్వాత తను. జుట్టు నిండా మన్ను. పిట్టంత బరువుంది. నూకాలమ్మ దాన్ని వాటేసుకుని ఏడుస్తూ, తిడుతూ, వీపు మీద రెండు వేసింది.

"ఇవాళ ఏం వారం?" అంది లిడియా.

ఎత్తుకుని బయటికి తెచ్చాం.

బుధవారం. ఎండ. గోడలు పొడిగా ఉన్నాయి.

లిడియా కోలుకుంది. పుట్టగొడుగులు కూరలో కనబడితే కంచం తోసేస్తోంది. రాత్రిళ్ళు నా మంచం పక్కన చాప వేసుకుంటోంది. పుస్తకం ఇంటి దగ్గర పూర్తి చేస్తానంది. పరిశోధన కమిటీ వాళ్ళు గడువు పెంచారు.

దాని గూడు మూసుకుపోయింది. చూస్తే అక్కడ గది ఉండేదని తెలియదు. పిలుపు మాత్రం పోలేదు. మధ్యాహ్నమయ్యేసరికి హాలంతటికీ వినబడుతోంది, "అన్నానికి రావే" అని. గోడ లిడియా పేరు తీసేసింది. పిల్లలు తల ఎత్తి, పుస్తకాలు మూసి, లేచి తినడానికి పోతున్నారు. గురక అబ్బాయి కూడా. నూకాలమ్మకు బేరాలు పెరిగాయి. అయినా గోడ పిలిచినప్పుడు చెవులు మూసుకుంటోంది.

"తీయించమంటే తీయిద్దాం," అన్నారు వలీ గారు. "అడిగితే ఒక్కరూ అడ్డమనలేదు. వాళ్ళకిష్టమట."

"నాకు అడ్డం," అన్నాను.

"మీరు పాఠకులు కారు దీనమ్మగారూ." చెప్పి, చెప్పినందుకు ఆయనే నొచ్చుకున్నారు.

ఇవాళ సాయంత్రం లిడియా తన కాగితాలు సర్దుకోవడానికి వచ్చింది. నేను నీళ్ళ బకెట్లు బోర్లించి, తొట్టి మూసి, గుమ్మంలో నిలబడ్డాను. పొద్దు పోతోంది. హాల్లో ఎవరూ లేరు. అలవాటు కొద్దీ నోరు జారింది.

"లిడియా. పోదాం రావే."

"వస్తున్నా పెద్దక్కా," అంది.

లోపలి నుంచి అంది. గూడు ఉండిన గోడలోంచి. కాస్త నెమ్మదిగా, మొదటి పిలుపుకి ఎప్పుడూ అనే తీరులో. ఇక రెండోసారి పిలవాలి, ఆ తర్వాత పోయి చెయ్యి పట్టుకోవాలి. నా కాళ్ళు ఆ వైపు నడిచాయి. లోపల ఒక మనిషి కూచుని ఉందని, నేను వెళ్ళకపోతే లేవదని, నాకు ఎంత గట్టిగా అనిపించిందో రాయలేను. గోడ దగ్గరికి వెళ్ళాను. మన్ను మెత్తగా ఉంది. అరచెయ్యి పడేంత గుంట ఒకటి అప్పటికే దిగి ఉంది.

"పెద్దక్కా!"

లిడియా నా వెనక ఉంది. చంకలో కాగితాల కట్ట. కట్ట కింద పడేసి నా మణికట్టు పట్టుకుంది. దాని చెయ్యి వెచ్చగా ఉంది.

"నేను ఇక్కడున్నాను," అంది. "అటు కాదు."

"వస్తున్నానంటే," అంది గోడ.

లిడియా ఉలిక్కిపడింది. అది తన గొంతే. అయినా నా చెయ్యి వదల్లేదు. లాగింది. నేను కదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది. నేను నడిచాను. కాగితాలు అక్కడే ఉన్నాయి. గేటు దాటి, రోడ్డు దాటి, మా ఇంటి మెట్లెక్కేదాకా చెయ్యి వదల్లేదు.

రేపు వలీ గారికి నా రాజీనామా ఇస్తాను. తాళంచెవి నూకాలమ్మ చేత పంపిస్తాను. నేను వెళ్ళను. వెళితే పిలుస్తాను.